తేవీస్ అన్నా ఇరవై మూడే

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు వైపున్న సిరోంచలోనో, రాజురాలోనో, కిన్వట్‌లోనో ఏదైనా జిల్లా పరిషత్ మరాఠీ బడికి పోయి రెండో తరగతి పిల్లలకు "తేవీస్" (మరాఠీలో 23) అని చెప్పి రాయమనండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో కొందరు 32 రాస్తారు. సార్ ఎర్ర పెన్నుతో కొట్టేస్తాడు, "ధ్యానం పెట్టి విను" అంటాడు. కానీ పిల్లవాడు ధ్యానం పెట్టే విన్నాడు. "తే" అన్న మూడు ముందు వినిపించింది, "వీస్" అన్న ఇరవై తర్వాత వినిపించింది, విన్న వరసలోనే రాశాడు. ఇంట్లో "ఇరవై మూడు" అన్నప్పుడు విన్న వరసలో రాస్తే సరిపోతుంది. అక్కడ పనికొచ్చిన సూత్రమే ఇక్కడ ఎదురు తిరిగింది.

సరిహద్దు బడుల్లో లెక్కలు చెప్పే వాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన కొస ఇదే. పిల్లల తప్పు వెనక దాదాపు ఎప్పుడూ ఏదో ఒక సూత్రం ఉంటుంది. ఆ సూత్రం ఏదో తెలియకుండా అదే పాఠాన్ని ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా చెప్తే లాభం లేదు.

తెలుగులో అంకెల పేర్లు చాలా చక్కగా ఉంటాయి. పదకొండు, పన్నెండు కాస్త మారినా పదమూడు నుంచి అంతా పది ముందు, ఒకట్లు తర్వాత. ఇరవై దాటితే ఇక ఎక్కడా తిరకాసు లేదు. మరాఠీలో 21 నుంచి 99 దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ విడిగా ఒక పేరు నేర్చుకోవాలి, అందులోనూ ఒకట్లే ముందు. ఈ బరువు తెలుగు పిల్లలకే కాదు, మరాఠీ పిల్లలకూ ఉంది. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో 21ని "వీస్ ఏక్" అని చదివే పద్ధతి పెట్టింది ఇందుకే. దాని మీద మహారాష్ట్రలో పెద్ద గొడవ నడిచింది, మంగళా నార్లీకర్ లాంటి గణితం తెలిసినవాళ్లు ఆ మార్పును సమర్థించారు. "వీస్ ఏక్" అంటే మన "ఇరవై ఒకటే" కదా. మన పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న పద్ధతి లోపం కాదు, పెట్టుబడి. బడిలో దాన్ని వాడుకోవడమే తక్కువ.

ముందు ఏ జబ్బో తేల్చుకోండి

పదిహేను నిమిషాల పని. పన్నెండు సంఖ్యలు మరాఠీలో చెప్పి రాయించండి: 23, 32, 47, 74, 19, 29, 31, 59, 61, 90, 105, 150. మర్నాడు అవే సంఖ్యలు వరస మార్చి తెలుగులో చెప్పి రాయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

తెలుగులో అన్నీ సరిగ్గా రాసి, మరాఠీలో 23, 32 తారుమారు చేసిన పిల్లకు స్థానవిలువ వచ్చు, పేర్లే రావు. ఆ పిల్లను మళ్లీ పదులు నేర్పే పదేసి పుల్లల కట్టల దగ్గర కూర్చోబెడితే విసుగు పుడుతుంది. రెండు భాషల్లోనూ తడబడిన పిల్లకు స్థానవిలువే అందలేదు, ఆమెకు పుల్లలు కావాలి. 105ను 1005 అని రాసినవాళ్లు మూడో రకం. "నూట ఐదు" అంటే 100 రాసి పక్కన 5 పెట్టారు. ఇది ఏ భాషలోనైనా వచ్చే తప్పే, స్థానవిలువకు సంబంధించిందే. ముగ్గురికీ ఒకే మందు వేస్తే ఇద్దరికి పనిచేయదు.

కాగితాలు దిద్దే ముందు ఇంకో సంగతి చూసుకోండి. మరాఠీ పుస్తకంలో దేవనాగరి అంకెలుంటాయి. దేవనాగరి ఒకటి చూడటానికి మన 9 లాగే ఉంటుంది, దేవనాగరి నాలుగు పైన మూత తెరిచిన 8 లాగా ఉంటుంది. ఇంట్లో క్యాలెండర్ మీదా, ఫోన్ మీదా మామూలు అంకెలు చూసి అలవాటైన పిల్ల పుస్తకంలో పద్నాలుగును "తొంభై ఎనిమిది" అని చదివితే అది లెక్క రాకపోవడం కాదు. పది అంకెలూ రెండు రూపాల్లోనూ పక్కపక్కన రాసిన అట్టముక్క గోడకు తగిలిస్తే వారంలో తీరిపోయే సమస్య.

పేర్లు మాత్రమే రాని పిల్లలకు మందు చిన్నది. రోజుకు పది సంఖ్యలు, అయిదు నిమిషాలు, రెండు వారాలు. విను, తెలుగులో అను, రాయి. "సత్తేచాళీస్" అని సార్ అంటే పిల్లలు "నలభై ఏడు" అని పైకి అనాలి, ఆ తర్వాతే పలక మీద రాయాలి. రెండో వారం చివర్లో పైకి అనడం మాన్పించి మనసులో అనుకోమనండి. కొందరు సార్లు ఇంకో చిట్కా చెప్తారు: ముందు కుడి వైపు ఒకట్లు రాసి, తర్వాత ఎడమ వైపు పదులు రాయమని. రెండంకెల దాకా అది నడుస్తుంది. "ఏక్‌శే తేవీస్" రాగానే ముందు 1 రాసి, జాగా వదిలి, చివర 3 రాసి, వెనక్కొచ్చి 2 రాయాలి. ఇక అక్కడ పిల్లలు గల్లంతవుతారు. ఆ చిట్కా జోలికి పోకపోవడమే మంచిది.

29, 39, 59 సంగతి వేరు. ఏకోణతీస్ అంటే 29, ఏకతీస్ అంటే 31. రెండింట్లోనూ "ఏక్" ఉంది, "తీస్" ఉంది. పిల్ల చెవికి రెండూ ఒకటే. "ఏకోణ" అంటే ఒకటి తక్కువ. సంస్కృతంలో పంతొమ్మిదిని ఏకోనవింశతి అంటారే, అదే మాట. దీన్ని బోర్డు మీద చెప్తే ఎక్కదు, కాళ్లతో నడిపిస్తే ఎక్కుతుంది. వరండాలో సుద్దముక్కతో అడుగుకో గీత చొప్పున 20 నుంచి 40 దాకా రాయండి. పిల్ల 30 మీద నిలబడాలి. "ఏకోణతీస్" అంటే ఒక అడుగు వెనక్కి, "ఏకతీస్" అంటే ఒక అడుగు ముందుకు. మర్నాడు 50 నుంచి 70 దాకా గీసి ఏకోణసాఠ్ (59), ఏకసష్ట్ (61) చేయించండి. 19 నుంచి 89 దాకా తొమ్మిదితో ముగిసే ఎనిమిది సంఖ్యలకూ ఇదే నడక. 99 దగ్గర మాత్రం ఆగాలి, అది నవ్వ్యాణ్ణవ్, అక్కడ ఏకోణ లేదు. ముందే చెప్పకపోతే చురుకైన పిల్లలు "ఏకోణశంభర్" (శంభర్ అంటే వంద) అని కొత్త మాట పుట్టిస్తారు. అలా పుట్టిస్తే కోప్పడకండి, సూత్రం అర్థమైందనడానికి అంతకంటే మంచి గుర్తు దొరకదు.

ఒడిశా వైపు రాయగడలో, పర్లాకిమిడిలో ఒడియా బడికి పోయే తెలుగు పిల్లలకూ ఇదే చిక్కు. అక్కడ 29 అణతిరిశ. "అణ" అంటే ఒకటి తక్కువే. సుద్దగీత నడక అక్కడా పనికొస్తుంది.

పుల్లల కట్టలు: ఎక్కడ చెడుతుంది

పుల్లలు, కట్టలు అంటే అందరికీ తెలిసిందే. చాలా బడుల్లో డబ్బా కూడా ఉంటుంది, బీరువాలో. వాడినా ఫలితం రాకపోవడానికి రెండు మూడు కారణాలున్నాయి.

ముందు కొలతలు. నలభై మంది ఉంటే నలుగురైదుగురికి ఒక గుంపు, తొమ్మిది గుంపులు. గుంపుకు 120 పుల్లలు, అంటే దాదాపు 1100. చీపురు పుల్లలు విరుగుతాయి, విరిగిన ముక్కను ఒకటిగా లెక్కపెట్టాలా రెండుగానా అని తగువు. వెదురు చీల్చి పది సెంటీమీటర్ల ముక్కలు చేయిస్తే ఏళ్ల తరబడి ఉంటాయి, గడ్చిరోలి వైపు వెదురుకేం కొదవ. రబ్బరు బ్యాండ్లు ఎండలకు పెళుసెక్కి తెగుతాయి. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోస్తే వచ్చే రింగులు మేలు.

మొదటి పొరపాటు, సార్ ముందే కట్టలు కట్టి తేవడం. పది లెక్కపెట్టి తన చేత్తో కట్టని పిల్లకు కట్ట అంటే ఒక వస్తువు మాత్రమే, అందులో పది ఉన్నాయన్నది వినికిడి. మొదటి రెండు రోజులు పిల్లలే లెక్కపెట్టి కట్టాలి. మూడో రోజు నుంచి తయారుగా ఉన్నవి వాడొచ్చు.

రెండో పొరపాటు పెద్దది. సోమవారం పుల్లలు, మంగళవారం బోర్డు. పిల్లల దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆటలు. పుల్లలతో చేసే ప్రతి కదలికా అదే క్షణంలో కాగితం మీద పడాలి. ఇద్దరిద్దరిని జత చేయండి. ఒకరు పుల్లలు కదిలిస్తారు, నోటితో చెప్తారు. రెండోవారు ఆ కదలికను మాత్రమే రాస్తారు, అంతకంటే ఒక్క అంకె కూడా ముందుకు పోకూడదు. మూడు లెక్కలకోసారి చోట్లు మారాలి. ఇది నెమ్మదిగా నడుస్తుంది, పీరియడ్‌కు ఆరు లెక్కలు అయితే గొప్ప. అయినా నిలుస్తుంది.

మూడోది, నోట్లతో మొదలుపెట్టడం. పది రూపాయల నోటు రూపాయి బిళ్లకు పదింతలు లేదు కదా. అది పది అని ముందే తెలిసినవాళ్లకే తెలుస్తుంది. కట్టలో పది కళ్లకు కనిపిస్తాయి. కట్టలు పూర్తిగా వంటబట్టాక నోట్లకు పోవాలి, ముందు కాదు.

తునికాకు కట్టలతో చెప్తే ఊరి పిల్లలకు దగ్గరగా ఉంటుంది కదా అనిపిస్తుంది. స్థానవిలువకు వద్దు. తెలంగాణ వైపు కట్ట అంటే యాభై ఆకులు. పదుల పాఠంలో యాభైల కట్ట తెస్తే గందరగోళం. దాన్ని గుణకారానికి దాచుకోండి. యాభై ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక స్టాండర్డ్ బ్యాగు, మరి బ్యాగులో ఎన్ని ఆకులు? 50 × 1000 సున్నాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క వెతకక్కర్లేదు. మీ ఊరి కళ్లంలో కట్టకు ఎన్ని ఆకులో అడిగి ఆ సంఖ్యే వాడండి.

అప్పు కాదు, చిల్లర

52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. 5లోంచి 2 పోతే 3, 7లోంచి 2 పోతే 5. ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఒకటో తరగతిలో మనమే చెప్పాం, "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి" అని. ఆ మాట అప్పటికి సౌకర్యం, ఏడాది తర్వాత గుదిబండ. ఒకటో తరగతి సార్లు ఆ వాక్యాన్ని మానేస్తే రెండో తరగతిలో సగం తిప్పలు తప్పుతాయి.

"పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అనే మాట కూడా మంచిది కాదు. అప్పు అంటే తిరిగి ఇవ్వాలి కదా, "ఎప్పుడు వాపస్ ఇస్తం సార్?" అని అడిగే పిల్ల తెలివైనది. ఇక్కడ ఎవరి దగ్గరా ఏమీ తెచ్చుకోవడం లేదు. మన దగ్గరున్న కట్టనే విప్పుకుంటున్నాం. మరాఠీలో చిల్లర డబ్బులను "సుటే పైసే" అంటారు. పది నోటును "సుట్టా" చేయడం పిల్లలు కిరాణా కొట్లో రోజూ చూసేదే. "ఒక పది చిల్లర మార్చు" అనండి, చాలు.

పుల్లలతో అయితే ఇలా. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పు. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఇక్కడ ఆపి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, చాలామంది సార్లు దాటేసేది ఇదే: "మొత్తం ఎన్ని పుల్లలు ఇప్పుడు?" యాభై రెండు అని వెంటనే చెప్పకుండా కొందరు మొదటి నుంచి లెక్కపెడతారు. కట్ట విప్పితే మొత్తం మారదన్న సంగతి వాళ్లకింకా స్థిరపడలేదు. అది స్థిరపడనిదే 5 కొట్టేసి 4 రాయడం, 2 పక్కన 1 పెట్టడం వట్టి తంతు.

సున్నా వచ్చేసరికి బాగా చేసేవాళ్లు కూడా జారుతారు. 402 − 178కి 324 అని రాస్తారు. సున్నాను తొమ్మిది చేశారు, రెండును పన్నెండు చేశారు, కానీ వందల నుంచి తగ్గించడం మరిచారు. "సున్నా ఉంటే తొమ్మిది అవుతది" అని కంఠస్థం చేసిన ఫలితం. దీనికి బోర్డు మీద ఒక చిన్న మార్పు చాలు. 402ను నాలుగు వందలు, సున్నా పదులు అని కాకుండా 40 పదులు, 2 ఒకట్లు అని చదివించండి. ఒక పది చిల్లర మారిస్తే 39 పదులు, 12 ఒకట్లు. 12లోంచి 8 పోతే 4. 39లోంచి 17 పోతే 22. జవాబు 224. రెండుసార్లు కొట్టివేత లేదు, మరిచిపోయే చోటే లేదు. 1000 − 367కి ఇదే దారి: 100 పదులు, ఒకటి విప్పితే 99 పదులు, 10 ఒకట్లు.

సరిచూసుకోవడానికి కొట్టువాడి పద్ధతి నేర్పండి. వాడు తీసివేయడు, కలుపుకుంటూ పోతాడు. 178కి 2 ఇస్తే 180, ఇంకో 20 ఇస్తే 200, ఇంకో 202 ఇస్తే 402. ఇచ్చింది 2 + 20 + 202, అంటే 224. శని బజారులో కూరగాయలు అమ్మే అమ్మల పిల్లలకు ఇది నేర్పక్కర్లేదు, వాళ్లే మిగతావాళ్లకు నేర్పుతారు. బడి పద్ధతి కాదని దీన్ని కొట్టివేసే సార్లున్నారు. ఎందుకో అర్థం కాదు.

పావు తక్కువ

భిన్నాల దగ్గర మన రెండు భాషలూ నిజంగా చేతులు కలుపుతాయి. మరాఠీలో పావ్, అర్ధా, పాఊణ్. మనకు పావు, అర, ముప్పావు. మరాఠీ పాత చదువులో పావ్‌కీ, నిమ్‌కీ, పాఊణ్‌కీ, సవాయ్‌కీ, దీడ్‌కీ, అడీచ్‌కీ అని భిన్నాలకూ ఎక్కాలు ఉండేవి. పాత లెక్కల్లో మనకు వీసం, అంటే పదహారో వంతు, దాకా పేర్లున్నాయి. భిన్నం అనేది అయిదో తరగతిలో ఊడిపడ్డ వింత కాదు, కొట్లో పావుకిలో చింతపండు కొన్నప్పటి నుంచీ ఉన్నదే.

చిక్కు "పావుణే"లో ఉంది. "పావుణే దోన్" అంటే 1¾. "దోన్" వినిపించగానే పిల్లలు 2¾ అని రాస్తారు. గోడగడియారం తీసుకుని "పావు తక్కువ రెండు" అని చదివించండి. "పావుణే దోన్" అన్నా అంతే. పావు తక్కువ రెండు అంటే ఇంకా రెండు కాలేదు. "సవ్వా" దీనికి ఎదురు: సవ్వా దోన్ అంటే రెండుంబావు. మూడు నుంచి పైకి సగాలన్నీ "సాడే", సాడే తీన్ అంటే మూడున్నర. ఒకటిన్నరకు, రెండున్నరకు మాత్రం దీడ్, అడీచ్ అని సొంత పేర్లు. ఇవే వందల ముందు కూడా వస్తాయి. దీడ్‌శే 150, అడీచ్‌శే 250, పావుణే దోన్‌శే 175. "రెండున్నర వేలు" అంటే 2500 అని మనవాళ్లకు తెలుసు కాబట్టి అడీచ్‌శేను "రెండున్నర వందలు" అని మార్చి చూపిస్తే సరి.

పేర్లు తెలిసినంత మాత్రాన కూడికలు రావు. 1/2 + 1/3 = 2/5 అనే జవాబు తొమ్మిదో తరగతి దాకా వెంటాడుతుంది. పైవి పైకి, కిందివి కిందికి కలిపారు. దీన్ని ఎదుర్కోవడానికి క.సా.గు. సూత్రం ఎత్తుకోకండి. 24 సెంటీమీటర్ల కాగితపు పట్టీలు కత్తిరించండి. 24 ఎందుకంటే దాన్ని 2, 3, 4, 6, 8, 12 భాగాలుగా కోసినా సెంటీమీటర్లు తెగకుండా వస్తాయి. సగం 12 సెం.మీ., మూడో వంతు 8 సెం.మీ. రెండూ పక్కపక్కన పెడితే 20. మరి 2/5 ఎంత? 24లో అయిదో వంతు 4.8, రెండు వంతులు 9.6. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్న మీరు వేయకండి, పిల్లలే వేసేదాకా ఆగండి. ఆ తర్వాత 20 సెంటీమీటర్లలో 4 సెం.మీ. ముక్కలు ఎన్ని పడతాయో చూస్తే అయిదు. నాలుగు సెంటీమీటర్లు పట్టీలో ఆరో వంతు. అలా 5/6. హారాలు ఎందుకు సమానం చేయాలో చేతికి తెలిసిపోతుంది.

జొన్నరొట్టెను ముక్కలు చేసి భిన్నాలు చెప్పడం అలవాటు. సగానికి, పావుకు బాగుంటుంది. గుండ్రటి రొట్టెను మూడు సమాన భాగాలు చేయడం పెద్దలకే రాదు. అసమానమైన ముక్కలను "మూడో వంతు" అని పిలిస్తే, భాగాలు సమానంగా ఉండాలన్న అసలు షరతే కొట్టుకుపోతుంది.

సాత్‌బారాలో దశాంశాలు

దశాంశాలకు డబ్బుతో ఉదాహరణ చెప్పడం సులువు, కానీ దానిలో ఒక ఉచ్చు ఉంది. 3.50 రూపాయలను పిల్లలు "మూడు రూపాయలు, యాభై పైసలు" అని రెండు వేర్వేరు సంఖ్యలుగా చదువుతారు. చుక్క వాళ్లకు రెండింటి మధ్య గోడ. అందుకే 0.35, 0.4 ఇచ్చి ఏది పెద్దదంటే, "35 పెద్దది కద" అని 0.35 అంటారు.

మహారాష్ట్ర వైపు రైతుల ఇళ్లలో ప్రతి ఇంట్లో ఉండే కాగితం సాత్‌బారా ఉతారా, మన పహాణీ లాంటిది. అందులో భూమి హెక్టార్లలో, ఆర్‌లలో ఉంటుంది. హెక్టారుకు 100 ఆర్‌లు. ఇప్పుడు బోర్డు మీద 1.5 హెక్టార్లు, 1.05 హెక్టార్లు అని రాసి, "ఈ రెండు చేన్లలో ఏది పెద్దది, ఎంత తేడా?" అని అడగండి. 1.5 అంటే ఒక హెక్టారు 50 ఆర్‌లు. 1.05 అంటే ఒక హెక్టారు 5 ఆర్‌లు. తేడా 45 ఆర్‌లు, అంటే ఎకరం మీద ఇంకొంచెం. సున్నా ఒక్కటి అటూ ఇటూ అయితే ఎకరం భూమి పోతుందన్న మాట పిల్లలకే కాదు, ఇంట్లో వాళ్లకూ అర్థమవుతుంది. అసలు కాగితాలు బడికి తెప్పించకండి, సంఖ్యలు మార్చి మీరే నాలుగైదు నమూనాలు రాసుకోండి. ఒకరి భూమి ఇంకొకరి నోట్లో పడటం బాగుండదు.

గుంట లెక్క కూడా ఇక్కడే కలుపుకోవచ్చు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, 1089 చదరపు అడుగులు, అలాంటివి 40 అయితే ఎకరం. ఆవరణలో తాడుతో ఒక గుంట కొలిచి నాలుగు మూలలా నలుగురిని నిలబెడితే వైశాల్యం అంటే ఏమిటో ఇక వివరించక్కర్లేదు.

పెద్దది ఏదని అడిగినప్పుడు ఒక ప్రశ్నతో ఆగకండి. 0.4, 0.35, 0.125 ఇస్తే 0.125 అన్న పిల్లలు "ఎన్ని అంకెలుంటే అంత పెద్దది" అనుకుంటున్నారు. 0.4 అన్నవాళ్లందరికీ వచ్చిందనుకోకండి. కొందరు "ఎన్ని తక్కువ అంకెలుంటే అంత పెద్దది" అనే ఇంకో తప్పు సూత్రంతో సరైన జవాబుకు చేరారు. వెంటనే 0.3, 0.45 ఇవ్వండి. ఈసారి 0.3 అన్నవాళ్లు వాళ్లే. సరైన జవాబు చూసి ముందుకు పోవడం వల్ల మరుగున పడే తప్పుల్లో ఇది మొదటిది.

ఇలాంటి ప్రశ్నలకు ఒక్కొక్కరిని లేపి అడగడం పనికిరాదు. ఎప్పుడూ లేచే ఆ నలుగురే లేస్తారు. అందరి చేతిలో పలక ఉండాలి. ప్రశ్న వేయండి, మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి, ఆ తర్వాత "చూపించు" అనండి. అందరి పలకలూ ఒక్కసారి పైకి లేవాలి, పక్కవాడిది చూసి తుడిచే వ్యవధి ఇవ్వకూడదు. ముందు వరస నుంచి వెనక వరస దాకా కళ్లు తిప్పితే అర నిమిషంలో తరగతి పరిస్థితి తెలుస్తుంది. 8 + 4 = □ + 5 లాంటిది వేస్తే పలకల మీద 12 కనిపిస్తుంది, 17 కనిపిస్తుంది. = అంటే "జవాబు రాయి" అనుకునేవాళ్లు వీళ్లు. = అంటే రెండు వైపులా బరాబర్ అని రెండు భాషల్లోనూ ఒకే మాటతో చెప్పొచ్చు. 12 = 8 + 4 అని తిరగేసి రాయడం ఒకటో తరగతి నుంచే అలవాటు చేస్తే ఈ రోగం రాదు.

ఒకే మాట, రెండు అర్థాలు

పిల్లల్ని తెలుగులో ఆలోచించనివ్వండి, తెలుగులో వాదించుకోనివ్వండి. రాసేటప్పుడు మాత్రం పరీక్షలో వచ్చే మరాఠీ మాట ఉండాలి. గోడ మీద మూడు గళ్ల పట్టిక: మరాఠీ మాట, తెలుగు మాట, ఒక చిన్న బొమ్మ లేదా లెక్క. బేరీజ్ కూడిక, వజాబాకీ తీసివేత, ఛేద్ హారం, అంశ్ లవం, క్షేత్రఫళ్ వైశాల్యం, లసావి క.సా.గు. వారానికి అయిదు మాటలకు మించొద్దు.

కొత్త మాటలకంటే తెలిసినట్టుండే మాటలే ఎక్కువ ముంచుతాయి. భాగాహారంలో "బాకీ" అంటే మరాఠీలో శేషం. మన ఇళ్లలో బాకీ అంటే ఇవ్వాల్సిన అప్పు. 17ను 5 మందికి పంచితే బాకీ 2 అంటే, "ఎవరికి బాకీ?" అని చూస్తారు. "సమ సంఖ్యా" అంటే మరాఠీలో సరి సంఖ్య. మన పిల్లలు సమానమైన సంఖ్యలనుకుని 4, 4 అని రాస్తారు. "మూళ సంఖ్యా" ప్రధాన సంఖ్య, మూలకాలతో దానికి పనిలేదు.

అన్నిటికంటే చెడ్డది ఆరో తరగతిలో వస్తుంది. మరాఠీ పుస్తకంలో "పూర్ణ సంఖ్యా" అంటే 0, 1, 2, 3. "పూర్ణాంక్ సంఖ్యా" అంటే రుణ సంఖ్యలు కూడా కలిసినవి. తెలుగు పుస్తకంలో సరిగ్గా తలకిందులు: పూర్ణాంకాలు 0, 1, 2, 3, పూర్ణ సంఖ్యల్లో −1, −2 కూడా ఉంటాయి. సిరోంచలో ఏడో తరగతి దాకా చదివి గోదావరి దాటి కాళేశ్వరం వైపు తెలుగు బడిలో చేరిన పిల్ల "−3 పూర్ణాంకమా?" అన్న ప్రశ్నకు అవును అని రాస్తే అక్కడి సార్ తప్పు పెడతాడు. మరాఠీ బడి నుంచి వచ్చిన పిల్ల నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ రెండు మాటలూ పక్కపక్కన, ఎదురుగా −3, 0, 5 ఉదాహరణలతో, చేరిన రోజే రాయించండి.